గోడలో దొరికిన సీసా

ఫిబ్రవరి 11, బుధవారం

అక్క ఇంటి గోడలో సీసా దొరికింది.

మధ్యాహ్నం షాపులో ఒక పెద్దావిడకి కళ్ళద్దాలు పెట్టి అక్షరాలు చదివిస్తున్నాను. అక్క తువాల్లో ఏదో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. వెనకాల బావ, ఆ వెనక అక్క పక్కింటి టైలరు, ఆయన వెనక వాళ్ళ వరస ఇళ్ళ వాళ్ళు సగంమంది. గొడవేమో అనుకుని మా షాపు యజమాని లేచి నిలబడ్డాడు.

"చూడరా. ఎన్నేళ్ళదో చెప్పు," అంది అక్క.

మెట్ల కింద గోడ ఉబ్బిందని మేస్త్రీ చేత కొట్టిస్తే, అడుగు రాళ్ళ మధ్య సున్నంలో కూరుకుని ఉందట. హంస బొమ్మ సోడా సీసా. ఆకుపచ్చ గాజు, మందంగా, లోపల బుడగలు. అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగి ఉన్నాయి. మెడ నుంచి మూతి దాకా సున్నం ముద్ద కట్టి ఉంది.

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. కొత్త రోడ్డు కోసం వరసంతా కూల్చేస్తామని నోటీసు వచ్చినప్పటి నుంచీ వాళ్ళు పట్టుకు వేలాడుతున్నది ఒక్క రూలునే. నూరేళ్ళు దాటిన కట్టడమైతే కూల్చకూడదు. దాటిందని చూపించడానికి ఎవరి దగ్గరా ఒక్క కాగితం ముక్క లేదు.

"నూరు దాటిందే," అన్నాను. "పైనే ఉంటుంది."

టైలరు నన్ను వాటేసుకున్నాడు. మెడలో వేలాడే టేపు నా చొక్కా గుండీకి చిక్కుకుని ఇద్దరం కాసేపు విడిపోలేకపోయాం. అందరూ నవ్వారు. నేను పాత సీసాలు పోగేస్తుంటే ఈ గాజుపెంకులే నీకు పెళ్ళాం పిల్లలూ అని ఇన్నేళ్ళూ దెప్పిన అక్క, "మావాడు ఊరికే చూసి చెప్పేస్తాడు, కడగక్కర్లేదు కూడా," అని అందరికీ చెప్పింది.

పెద్దావిడ అద్దాలు పెట్టుకునే కూర్చుని ఉంది. చివరి వరస చదవనే లేదు.

ఫిబ్రవరి 12

సీసాని నీళ్ళలో నానబెట్టాను. సున్నం మొండిది. నెమ్మదిగానే వదలాలి. తొందరేం లేదు.

ఫిబ్రవరి 14

మూతి తేలింది.

అచ్చు గీత సీసా పక్కల నుంచి పైకెక్కి, మెడ దాటి, మూతి మీదుగా అవతలికి దిగింది. పాత రోజుల్లో సీసాని అచ్చులో ఊది, మూతిని మాత్రం తర్వాత చేత్తో దిద్దేవారు. అందుకని గీత మెడ దగ్గరే ఆగిపోతుంది. మూతి దాటిందంటే మొత్తం యంత్రం చేసిందన్నమాట. హంస కంపెనీకి ఆ యంత్రం వచ్చి ఎనభై ఏళ్ళు. ఎటునుంచి లెక్కేసినా ఎనభై.

సీసా ఎనభై ఏళ్ళదైతే, దాన్ని మింగిన గోడ అంతకన్నా పాతదెలా అవుతుంది?

గీత కాదేమో. మేస్త్రీ గునపం గీరుకుందేమో.

ఫిబ్రవరి 15

గీతే.

ఫిబ్రవరి 16

పొద్దుటి ఎండలో, షాపులో వాడే పెద్ద భూతద్దంతో ఇంకోసారి చూశాను. గీతే.

ఫిబ్రవరి 19

టైలరు లాయరమ్మని షాపుకి తీసుకొచ్చాడు. చిన్న వయసే. మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. నాకు అదే కష్టమైంది.

"మన చేతిలో ఇంకేం లేదండీ. కట్టినవాళ్ళెవరో తెలీదు, ఇళ్ళ ప్లాన్లు లేవు. ఈ సీసా ఒక్కటే. కూల్చివేత మీద జరిగే విచారణలో మీరు వచ్చి నాలుగు ముక్కలు చెప్పాలి."

"ఇంకా శుభ్రం చేస్తున్నాను," అన్నాను.

"ఎక్కువ తోమకండి. ఆ సున్నం కూడా ఉండాలిగా."

వెళ్తూ వెళ్తూ టైలరు నా భుజం తట్టి, వరస మొదట్లో కట్టే గుడ్డ బ్యానరు కుట్టేశానని చెప్పాడు. దాని మీద సీసా బొమ్మ కూడా కుట్టాడట. "హంసకి ముక్కు సరిగ్గా రాలేదు, బాతులా ఉంది, ఏమనుకోకు," అన్నాడు.

నేను ఏమనుకోను?

ఫిబ్రవరి 22, ఆదివారం

పాత సామాన్ల సంతకి వెళ్ళాను. సీసా తీసుకెళ్ళలేదు, మూతి ఫోటో ఒకటి తీసుకెళ్ళాను. మూతలాయన ఎప్పటిలాగే నేల మీద దుప్పటి పరిచి, సోడా మూతలన్నీ పేర్చుకుని మధ్యలో కూర్చున్నాడు. ఈయన మూతలే పోగేస్తాడు, నేను సీసాలే. మా ఇద్దరినీ కలిపితే ఒక నిండు సోడా అవుతుందని ఆయన పాత జోకు.

ఫోటో చూపించి, ఒక తెలిసినవాళ్ళది అన్నాను.

"ఎనభై," అన్నాడు, తల కూడా ఎత్తకుండా. "ఇది నన్నడగాలా? నువ్వు నిద్రలో చెబుతావు."

"గోడలో దొరికింది. ఆ గోడ వయసు తేల్చాలట."

"ఎందుకు, పెళ్ళి చేస్తారా?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నా ముఖం చూశాడు. "చూడు, సీసా కొత్తదైతే గోడ కొత్తదని చెప్పొచ్చు. సీసా పాతదైతే మాత్రం ఏమీ చెప్పలేం. నేనిప్పుడు గోడ కట్టి అందులో మా తాత సీసా పెడితే? ఆ సీసా మీకు చెరుపు చెయ్యగలదు గానీ మేలు చెయ్యలేదు. ఇది నీకు తెలీదా?"

తెలుసు. దొరికిన రోజే తెలుసు. ఇక్కడ రాసుకోలేదు, అంతే.

ఫిబ్రవరి 26

అక్కకి చెప్పాను.

ముందు గదిలో బావ కొట్టు తెరిచి ఉంది. గొడుగులు, చక్రాలు ఊడిన సూట్‌కేసులు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని దాటుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ పోయాక అక్క నన్ను పెంచింది ఈ వంటింట్లోనే. అప్పటికి అక్కకి పెళ్ళై ఏడాది కాలేదు. నన్ను వెంటేసుకుని కాపురానికి వస్తే బావ ఒక్క మాట అనలేదు. గొడుగుతోపాటు పిడి కూడా వచ్చిందని మాత్రం అందరికీ చెప్పేవాడు.

సీసా బల్ల మీద పెట్టి, అక్క వేలు పట్టుకుని గీత మీద నడిపించాను. మూతి దాకా, మూతి మీదుగా, అవతలికి.

"అయితే?" అంది.

"ఎనభై ఏళ్ళదే, అక్కా. ఆ రోజు సున్నం ఉండేసరికి నాకు కనపళ్ళేదు."

కనపడలేదు అన్నది నిజమే. సున్నం తీసేదాకా ఏమీ చెప్పకూడదని నాకు తెలుసన్నది కూడా నిజమే. రెండోది చెప్పలేదు.

అక్క చాలాసేపు ఆ గీత మీదే వేలు ఆడిస్తూ ఉండిపోయింది.

"ఎనభై అంటే నూరుకి దగ్గరేగా?"

"దగ్గరే గానీ నూరు కాదుగా."

"ఒక మనిషిని ఎనభై ఏళ్ళకి ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఊరుకుంటారా?" అంది. బావ లోపలికి తొంగి చూసి, మా ముఖాలు చూసి, వచ్చిన పనేదో మర్చిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు." మూతలాయన లెక్కలోకి రాడు.

"అనకు. సీసా ఇక్కడే ఉండనీ," అంది. మామూలుగానే అంది. అన్నం తిని వెళ్ళమంది. తిన్నాను.

మార్చి 1, ఆదివారం

అక్క నా గది దులపడానికి వచ్చింది. ఎప్పుడూ లేనిది. ఇన్నేళ్ళలో ఈ అరల దగ్గరికి వచ్చి నిలబడింది లేదు. ఒక్కో సీసా తీసి తుడుస్తూ, ఇదేంటి అదేంటి అని అడిగింది. అడుగు గుండ్రంగా ఉండి నిలబడలేని సీసా చూసి, "మీ బావ లాంటిది," అంది. గోలీ సీసాని చెవి దగ్గర ఆడించి గోలీ చప్పుడు విన్నది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఇలాంటి సోడాయే కొనిపెట్టేదాన్నని చెప్పింది. నాకు గుర్తు లేదు. గుర్తుంది అన్నాను.

"వీటిలో హంసవి ఏవి?"

మూడూ చూపించాను.

"బాగా పాతది?"

అది కూడా చూపించాను. మూతి చేత్తో దిద్దింది, మెడ దగ్గర గీత ఆగిపోయింది, మూతి ఒక పక్కకి చిన్న వంకర. ఊదినవాడు ఆ రోజు ఎవరితోనో మాట్లాడుతూ తిప్పి ఉంటాడు. నూట పదేళ్ళు. నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనది. ఇదంతా చెబుతుంటే అక్క చెయ్యి ఆపి వింది. ఎవరైనా అడిగితే చెప్పడం ఎంత బాగుంటుందో.

మార్చి 3

వంకర మూతి హంస అరలో లేదు. దులిపేటప్పుడు పక్కన ఎక్కడో పెట్టి ఉంటుంది.

మార్చి 4

వెతకలేదు. పని ఎక్కువగా ఉంది.

మార్చి 9

బావ బొటనవేలికి కట్టు. "గొడుగు పుల్ల గుచ్చుకుందిరా," అన్నాడు. గొడుగు పుల్ల గుచ్చుకుంటుంది, అంత పొడుగున కొయ్యదు. వాళ్ళ చెత్తబుట్టలో పాత తువాలు మూట కట్టి ఉంది. అక్క సీసా తెచ్చిన తువాలే, మడతలోంచి ఆకుపచ్చ పెంకు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. నేను బుట్ట మూత పెట్టేసి వచ్చాను.

మార్చి 12

విచారణ.

పొడుగాటి గది, గోడకి కుర్చీలు. వరస వాళ్ళందరూ ఉతికిన బట్టల్లో వచ్చారు. బ్యానరు లోపలికి తేనివ్వలేదని టైలరు దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బాతు తల ఒకటి మడతలోంచి బయటికి చూస్తోంది. విచారణాధికారి నెమ్మదస్తుడు. గొంతు ఎత్తడు, ఎవరి మాటకీ అడ్డు రాడు. కటువైన మనిషైతే బాగుండేది.

లాయరమ్మ సీసాని తీసి బల్ల మీద పెట్టింది. నా సీసా. వంకర మూతి. భుజాల మీద, మెడ చుట్టూ సున్నం పూసి ఉంది. మెట్ల కింద గోడ నుంచే గీకి ఉంటారు, రంగు సరిగ్గా కలిసింది. నేను నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిచే సీసా.

అక్క ముందు కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నావైపు చూడలేదు, సీసావైపే చూస్తోంది. బావ తన బొటనవేలు చూసుకుంటున్నాడు.

"గోడలోంచి తీసింది ఈ సీసాయేనా?" అని అడిగాడు అధికారి.

నన్నే. మేస్త్రీని అడగలేదు, తీసినవాళ్ళని అడగలేదు.

లాయరమ్మ నా కళ్ళలోకి చూస్తోంది. ఆమెకి ఏమీ తెలియదని ఆ చూపే చెప్పింది.

"అవునండీ," అన్నాను.

వయసు అడిగాడు. నూట పది ఉంటుందన్నాను. మూతి ఎందుకు వంకరో, గీత ఎక్కడ ఆగిందో చెప్పాను. ఆ తర్వాత చెప్పినవన్నీ నిజాలే కాబట్టి గొంతు కుదుటపడింది. చక్కగా చెప్పాను. వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు.

అధికారి సీసాని చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "చాలా బాగుంది," అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. నాకు తెలియనిది ఒకటి మీరే చెప్పాలి. పాత సీసా ఉన్నంత మాత్రాన గోడ అంత పాతదని అనుకోవచ్చా? తర్వాతెప్పుడో కట్టినవాళ్ళు పాత సీసా ఒకటి పడేసి ఉండొచ్చు కదా?"

అప్పుడు చూసింది అక్క నావైపు.

అనుకోవచ్చండీ అంటే సరిపోయేది. ఒకసారి అబద్ధానికి నోరు తెరిచినవాణ్ణే కదా. కానీ నాలో ఉన్న బలమంతా మొదటి మాటకే అయిపోయింది. రెండోసారి బరువెత్తబోతే చెయ్యి లేవని మనిషిలా అయ్యాను.

"అనుకోలేమండీ," అన్నాను. "ఆ మాట చెప్పడం సీసా వల్ల కాదు."

ఆయన తల ఊపి రాసుకున్నాడు. సీసాని ఆఫీసులోనే ఉంచుతామని చెప్పారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనేమని చెప్పను?

బయట మెట్ల మీద టైలరు నన్ను దాటి వెళ్ళిపోయాడు. బావ వచ్చి నా పక్కన నిలబడి, "టీ తాగుతావా?" అన్నాడు. తాగుతానన్నాను. అక్క మా ఇద్దరికీ ముందుగా, ఎవరూ లేనట్టు నడుస్తోంది.

మార్చి 13

షాపులో ఒకాయనకి అద్దాల నంబరు తప్పు రాశాను. ఆయనే కనిపెట్టాడు.

మార్చి 21

అక్కకి ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. పనిలో ఉందన్నాడు. వెనకాల పని చప్పుడు ఏదీ లేదు.

ఏప్రిల్ 2

ఉత్తర్వు వచ్చింది. కూల్చివేతకి అభ్యంతరం లేదు. బదులు ఇళ్ళు ఎక్కడో తర్వాత చెబుతారట, అందాకా ఎవరి ఏర్పాటు వాళ్ళదే.

ఏప్రిల్ 23

అక్క, బావ నా గదికి వచ్చేశారు. తలుపు తీసేసరికి అక్క సామాన్ల మధ్య నిలబడి, "ఎన్నాళ్ళో తెలీదురా," అంది. నాతో నేరుగా అన్న మొదటి మాట అది, విచారణ తర్వాత.

సీసాలన్నీ గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో పెట్టి మంచం కిందకి తోశాను. ఆ అరల్లో ఇప్పుడు గిన్నెలు. బావ రిపేరు గొడుగులు కిటికీ కమ్మీకి వేలాడదీశాడు. గదిలో ఎప్పుడూ వాన పడుతున్నట్టుంది. "నన్ను పెంచావు కదా, ఇప్పుడు నా వంతు," అందామనుకున్నాను. మంచి సమయం చూసి అనాలి.

ఏప్రిల్ 30

అక్క మాట్లాడుతోంది. ఉప్పు, నీళ్ళు, తలుపు గడియ. అంతవరకే.

మే 6

ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చిందట. బావ చూడ్డానికి వెళ్ళాడు, అక్క వెళ్ళలేదు. తిరిగొచ్చి, "మొత్తం ఒక్క పూటలో అయిపోయింది. ఒక సూట్‌కేసు బాగుచెయ్యడానికే నాకు అంతకన్నా ఎక్కువ పడుతుంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించాలని అనలేదు.

మే 9

మూతలాయన ఫోన్. గొంతులో ఆత్రం. "నువ్వు వినలేదా? ఆ వరస కింద లోతుగా తవ్వితే పాత చెత్తగుంట తగిలిందట. మొత్తం సీసాలే! సంతలో వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. రేపు పనివాళ్ళు రారు. తొందరగా రా."

రానని చెప్పాను.

మే 10, ఆదివారం

వెళ్ళాను.

చూసి వచ్చేద్దామనే వెళ్ళాను. గుంటలో నలుగురైదుగురు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పక్కింటికీ అక్క ఇంటికీ మధ్య గోడ ఒకటి ఇంకా నిలిచి ఉంది. దాని మీద మసి పట్టిన చారిక చూసి, అక్క పొయ్యి ఎక్కడుండేదో గుర్తుపట్టాను. సరిగ్గా దాని కింద మట్టిలో గాజు మెరుస్తోంది. మూతలాయన నా చేతికి తాపీ ఇచ్చాడు. తీసుకోకూడదు. తీసుకున్నాను. ఆ తర్వాత చేతులు నా మాట వినలేదు. నా జన్మలో అలాంటి చోట తవ్వలేదు. సంతోషంగా ఉంది. అదే రాయాలి, సంతోషంగా ఉంది. మధ్యలో ఒకసారి ఈల కూడా వేశాను.

ఒక్కటే తెచ్చుకున్నాను. అడుగున గుండ్రటి గరుకు మచ్చ ఉంది. ఇనప కడ్డీకి అంటించి పట్టుకుని, పని అయ్యాక విరిచిన గుర్తు. నూట యాభైకి తక్కువుండదు. ఇలాంటిది బొమ్మల్లో చూడ్డమే.

కడిగి కిటికీలో బోర్లించాను, గొడుగుల వెనక. అక్కకి కనపడదనుకున్నాను. పళ్ళేలు తుడుస్తూ అక్క చూసింది.

"ఇది కొత్తగా వచ్చిందే. పాతదా?"

"పాతదే."

"గోడలో దొరికినదానికన్నా?"

"చాలా."

"ఎక్కడ దొరికింది?"

సంతలో అనొచ్చు. నోటి దాకా వచ్చింది. "మనింట్లో, అక్కా. నీ పొయ్యి కింద."

అక్క పళ్ళెం పక్కన పెట్టి, సీసా చేతిలోకి తీసుకుని, గోరుతో ఆ మచ్చని గీకి చూసింది. "ఎంత లోతు?"

చేత్తో చూపించాను. నా నడుము దాకా.

"అంత దగ్గరా," అంది. సీసాని వెలుతురుకి తిప్పి, "ఇది ముందే దొరికుంటే ఇల్లు నిలిచేదా?"

"లేదక్కా. ఇది దొరికినా అంతే. ఎన్ని దొరికినా అంతే."

అక్క నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. "విచారణలో మొదటి ప్రశ్నకి చెప్పినట్టు చెబుతున్నావా, రెండోదానికి చెప్పినట్టా?"

"రెండోదానికి చెప్పినట్టే."

"నీకు రెండూ ఒకే గొంతుతో వస్తాయిరా," అంది. సీసాని తీసినచోటే బోర్లించి, ఇంకో పళ్ళెం అందుకుంది.